పానపాత్ర అందుకున్న చెయ్యి: ఫాంటసీ ఫ్యాన్ ఫిక్షన్‌లో చెప్పని వలపును చదవడం

రోహన్ అనే దేశపు రాజు కొలువులో, యుద్ధానికి బయల్దేరుతున్న వీరులకి రాజు మేనకోడలు ఎయోవిన్ పానపాత్ర అందిస్తుంది. వాళ్ళలో ఒకడైన ఆరాగోర్న్ ముందుకి వచ్చేసరికి ఆగుతుంది. అతను పాత్ర అందుకుంటుంటే చేతికి చెయ్యి తగులుతుంది. ఆ చెయ్యి వణికిందని అతనికి తెలుస్తుంది. అప్పటిదాకా అతని ముఖంలో ఉన్న నవ్వు పోతుంది. అంతే. ప్రేమ అన్న మాట అక్కడ ఎక్కడా లేదు.

1954, 1955ల్లో మూడు సంపుటాలుగా వెలువడిన టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఈ ఘట్టం నాలుగైదు వాక్యాలకి మించదు. అభిమానులు ఆ పాత్రలతో సొంతంగా అల్లే కథలకి, అంటే ఫ్యాన్ ఫిక్షన్‌కి, ఇలాంటి చోట్లే పుట్టిల్లు. మూల రచయిత తలుపు ఓరగా తీసి ముందుకి వెళ్ళిపోయాడు. ఆ తలుపు దగ్గర నిలబడిపోయిన పాఠకులు లోపల ఏముందో రాసుకుంటూ వచ్చారు.

ఈ కథలు కొత్తగా చదివేవాళ్ళకి ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఇరవై వేల మాటల కథ చదివాక కూడా ఇద్దరూ ఒకరికొకరు ఏమీ చెప్పుకోరు. తోటలో నడిచారు, గాయానికి కట్టు మార్చారు, కిటికీ దగ్గర నిలబడ్డారు. "ఇందులో జరిగింది ఏముంది?" అనిపిస్తుంది. జరిగింది చాలానే ఉంది. అది మాటల్లో జరగలేదు కాబట్టి మాటల్లో వెతికితే దొరకదు. వస్తువులో, ఒంట్లో, వాసనలో, చేసిన పనిలో వెతకాలి. చెప్పని వలపుకీ ఇంద్రియానుభవానికీ ఉన్న ముడి ఇదే. పాత్ర నోరు మూసుకున్నప్పుడు పాఠకుడికి మిగిలే సాక్ష్యం చూసినదీ విన్నదీ తాకినదీ వాసన పట్టినదీ మాత్రమే. కాబట్టి ఈ రకం కథల్లో వర్ణన అలంకారం కోసం పెట్టింది కాదు. అక్కడ కథ నడిచేదే వర్ణనలో.

మనకి ఇది కొత్త కాదు

వాల్మీకి ఊర్మిళ గురించి పెద్దగా చెప్పలేదు. మన ఆడవాళ్ళు ఆ ఖాళీ చూశారు. "ఊర్మిళాదేవి నిద్ర" పాటలో ఆమె పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. తిరిగొచ్చిన లక్ష్మణుడు పక్కన కూర్చుంటే ఎవరో పరాయివాడనుకుని భయపడుతుంది. ఎడబాటు ఎంత పెద్దదో పాట వేరే చెప్పక్కర్లేదు, సొంత మగడి గొంతునే గుర్తుపట్టలేకపోయింది. ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళు చేసేదీ ఈ పనే. మూలం పక్కన పెట్టేసిన మనిషిని తీసుకుని, ఆమె మనసుకి ఒక ఒళ్ళు ఇస్తారు.

అల్లసాని పెద్దన మనుచరిత్రకి మూలం మార్కండేయ పురాణంలోని చిన్న కథ. హిమాలయాల్లో పాదలేపం కరిగిపోయి దారి తప్పిన ప్రవరుడికి వరూధిని కనపడకముందే గాలి వస్తుంది. కస్తూరి, కర్పూరం కలిసిన తాంబూలపు ఘుమఘుమ మిగతా వాసనలన్నిటినీ కప్పేసి, దగ్గర్లో ఒక ఆడమనిషి ఉందని చెబుతుంది. ఇక్కడ చూడాల్సింది వాసన ఎంత గొప్పదని కాదు, అది ఎంత పని చేసిందని. మంచుకొండల మీద తాంబూలం వాసన ఉండదు. ఉందంటే మనిషి ఉంది. తాంబూలం వేసుకునే తీరిక ఉన్న మనిషి, కస్తూరి కలుపుకునే కలిమి ఉన్న మనిషి. ఒక్క గాలితెరలో స్థలం, మనిషి, ఆమె అంతస్తు, రాబోయే చిక్కు అన్నీ వచ్చేశాయి. ఫాంటసీ కథలో ఇంద్రియ వివరం బాగుందో లేదో తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి కొలత దొరకదు. ఆ వాసన తీసేస్తే కథ కుంటుతుందా లేదా?

సంస్కృత అలంకారశాస్త్రంలో దీనికి సూటైన సూత్రం ఒకటుంది. భావాన్ని గానీ రసాన్ని గానీ దాని పేరుతోనే చెప్పేయడం దోషమని మమ్మటుడు కావ్యప్రకాశంలో లెక్కవేశాడు. "ఆమెకి విరహం కలిగింది" అంటే పాఠకుడికి సమాచారం అందుతుంది, విరహం అందదు. భరతుడు నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది సాత్త్విక భావాలు ఈ పనికి ఈరోజుకీ పనికొచ్చే జాబితా: కొయ్యబారిపోవడం, చెమట, రోమాలు నిక్కబొడుచుకోవడం, గొంతు మారడం, వణుకు, రంగు మారడం, కన్నీరు, ఒంటిమీద తెలివి తప్పడం. ఇందులో గుండె దడదడ లేదు. ఎనిమిదీ బయటివాడు చూడగలిగేవో వినగలిగేవో తాకి తెలుసుకోగలిగేవో. గుండె దడ సొంతదారుకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఎయోవిన్ చేతి వణుకు ఆరాగోర్న్‌కి తెలిసింది కాబట్టే అతని నవ్వు పోయింది. ఒకరి ఒంట్లో జరిగింది రెండోవాళ్ళ ముఖంలో ఫలితం చూపించింది. నేటి ఫ్యాన్ ఫిక్షన్‌లో గుండె దడలు, బిగపట్టిన ఊపిరులు లెక్కలేనన్ని కనిపిస్తాయి. అవి తేలిపోవడానికి కారణం ఇదే, ఎదుటి మనిషి దాకా చేరవు.

ఒక ఘట్టం, దగ్గర నుంచి

ఎయోవిన్, మినాస్ తిరిత్ నగరాన్ని ఏలేవాడి కొడుకు ఫారమీర్‌ల జంట మీద అభిమానులు రాసే కథలు ఈ విద్య నేర్చుకోవడానికి మంచి బడి. మూలంలోనే సామగ్రి అంతా ఉంది. ఇద్దరూ గాయపడి మినాస్ తిరిత్ నగరంలోని వైద్యశాలలో ఉంటారు. ఆమె డాలు పట్టే ఎడమ చెయ్యి విరిగింది. సైన్యం తూర్పుకి వెళ్ళిపోయింది, ఆమెని మంచం మీదే ఉండమన్నారు. ఫారమీర్‌తో మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె చేసే ఫిర్యాదుల్లో ఒకటి తన గది కిటికీ తూర్పుకి తెరుచుకోదని. ఆ చిన్న ఫిర్యాదు వెనుక ఎంత ఉందో అతనికి అర్థమవుతుంది. కిటికీ మాట తను చూసుకుంటానంటాడు. తర్వాత చలికి తన తల్లి కోసం నేయించిన నీలి అంగీ ఆమెకి కప్పుతాడు. అంచుల్లో, మెడ దగ్గర వెండి నక్షత్రాలు కుట్టిన అంగీ. కోట గోడ మీద నిలబడినప్పుడు ఇద్దరి చేతులూ వాళ్ళకే తెలియకుండా కలుసుకుంటాయి.

ఇంకో వివరం చూడండి, ఇది చాలామంది దాటిపోతారు. ఏడు అంచెల ఆ నగరంలో వైద్యశాల ఆరో అంచెలో ఉంది, చుట్టూ చెట్లున్న తోటతో. నగరం మొత్తానికి అలాంటి చోటు అదొక్కటే. వార్తాహరుల గుర్రాల శాల కూడా ఆరో అంచెలోనే ఉంది. ఎయోవిన్ గుర్రాల దేశపు పిల్ల, పచ్చికబయళ్ళలో పెరిగింది. ఇప్పుడు నాలుగు పక్కలా రాయి. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోగానే కథ రాయాలని చెయ్యి లాగుతుంది. ఒక నమూనా ముందు తప్పుగా, తర్వాత సరిగా చూద్దాం. రెండూ ఈ వ్యాసం కోసం రాసినవే.

మొదటిది:

"ఎయోవిన్ గుండె వేగంగా కొట్టుకుంది. ఫారమీర్ మీద తనకి చెప్పలేనంత ప్రేమ ఉందని ఆమెకి అర్థమైంది. అతని కళ్ళలో మునిగిపోయింది. తోటలో పూల సువాసన గుప్పుమంది. ఈ మాట అతనితో ఎప్పటికీ అనలేననుకుని మౌనంగా కన్నీళ్ళు పెట్టుకుంది."

రెండోది:

"బల్ల నిన్నటి చోట లేదు. గోడ పక్కకి, గాలి వచ్చే వైపుకి జరిగి ఉంది. పాత చోట గడ్డిలో నాలుగు కాళ్ళ గుంటలూ ఇంకా తడిగా ఉన్నాయి. ఎయోవిన్ కూర్చుంది. గాలి మళ్ళింది. ఎండుగడ్డి, తోలు, చెమట పట్టిన గుర్రపు మెడ. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో ఉంది. రెండో చేతి వేళ్ళు వాటంతటవే కళ్ళెం పట్టినట్టు ముడుచుకున్నాయి.

'చలిగా ఉందా?' అన్నాడు ఫారమీర్.

'లేదు.' కాసేపు ఆగి, 'ఈ బల్ల ఎవరు జరిపారు?' అంది.

'తోటమాలి అయ్యుంటాడు.'

అతని చొక్కా ముంజేతి దగ్గర నాచు మరక, పచ్చగా, పొడవుగా ఉంది. ఆమె దాన్ని చూసింది. అంగీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది."

రెండో దానిలో వలపు అన్న మాట లేదు, ప్రేమ లేదు, కన్నీరు లేదు. అయినా పాఠకుడికి వరసగా ఎన్ని తెలిశాయో చూడండి. నిన్న ఆమె గాలి వైపు తల తిప్పి ఉంటుంది, అది అతను గమనించాడు. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందో, ఆమెకి ఎందుకు కావాలో ఊహించాడు. ఇంకా కోలుకోని ఒంటితో, నాచు పట్టిన బల్లని తనే లాగాడు. అడిగితే ఒప్పుకోలేదు. అతను ఒప్పుకోలేదన్న సంగతి ఆమెకి తెలిసింది. ఆమె కూడా బయటపెట్టలేదు. అంగీ దగ్గరికి లాక్కోవడంతో ఆమె "లేదు" అన్నది అబద్ధమా, లేక ఆ అంగీ చలికి కాదా అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకున్న అబద్ధాలే ఇద్దరి మధ్యా ఉన్న నిజం.

మొదటి ముక్కలో ఇంద్రియ వివరం లేదనుకోకండి. పూల సువాసన ఉంది. కానీ ఏ పూలు? మార్చి నెల, చలిగాలి, యుద్ధం అంచున నగరం. ఆ వాసన ఎవరికోసం గుప్పుమందో ఎవరికీ తెలియదు. తీసి పక్కన పెడితే కథకి నష్టం ఏమీ లేదు. పెద్దన గాలితెరతో పోల్చి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

వాసన ఎవరి ముక్కుది?

టోల్కీన్ ఇదే వైద్యశాలలో వాసనతో ఇంకో పాఠం చెప్పాడు. ఆరాగోర్న్ అథెలాస్ అనే ఆకు నలిపి వేడినీళ్ళలో వేస్తాడు. ఒకటే ఆకు. ఫారమీర్ గదిలో అది మబ్బు లేని ఎండలో మంచు కురిసిన ఉదయాల్ని గుర్తు తెస్తుంది. ఎయోవిన్ గదిలో వాసనే లేదు, మంచుకొండల మీద నుంచి ఎవరూ ఇంకా పీల్చని కొత్త గాలి వచ్చినట్టు ఉంటుంది. అక్కడే గాయపడి ఉన్న మెరీ అనే ఇంకో పాత్రకి పండ్లతోటలు, తేనెటీగలు ముసిరిన పూలు. వైద్యం ఒకటే, వాసన మనిషిది.

ఫ్యాన్ ఫిక్షన్‌లో వాసన విఫలమయ్యే చోటు సరిగ్గా ఇదే. కథానాయకుడంటే దేవదారు, పొగ, తోలు. నాయిక అంటే ఏదో పువ్వు. ఏ కథ తీసినా ఇవే. వీటిని ఎవరు పీల్చినా ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరి కోరికనీ చూపించవు. తెలుగులో రాసేవాళ్ళకి మల్లె, సంపెంగ, చందనం చేతికి అందుబాటులో ఉంటాయి. మన కథల్లో వాటికి వందల ఏళ్ళ బలం ఉంది. కానీ రోహన్ పిల్లకి మల్లెపువ్వు ఏ జ్ఞాపకమూ తేదు. ఆమెకి ఒళ్ళు జలదరించాలంటే జీను తోలు కావాలి, తడిసిన గడ్డి కావాలి. వివరం రాసేముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. ఈ వాసన ఈ మనిషికి ఎక్కడ మొదటిసారి తెలిసింది? జవాబు లేకపోతే ఆ వాసన రచయితది, పాత్రది కాదు.

లోకానికి సరిపోని వివరం మరో రకంగా కథని కుంగదీస్తుంది. టోల్కీన్ అంతటివాడే 1937లో వచ్చిన 'ది హాబిట్'లో కథానాయకుడు బిల్బో ఇంటి అలమరలో టమాటాలు పెట్టి, 1966 నాటి సవరణలో వాటిని తీసి ఊరగాయలు పెట్టాడు. ఒక్క కూరగాయ కోసం ముప్పై ఏళ్ళ తర్వాత వెనక్కి వెళ్ళాడు. అభిమాన పాఠకులు అంతే శ్రద్ధగా చదువుతారు. చెప్పని వలపు కథలో ఈ నష్టం రెట్టింపు. వస్తువుల మీదే నమ్మకం పెట్టి కథ నడుపుతున్నప్పుడు ఒక వస్తువు అబద్ధమైతే దాని మీద మోపిన భావం కూడా కూలుతుంది.

ఎన్ని వివరాలు ఉండాలన్నది కూడా మోతాదు సంగతే. పేరాకి ఒకటి గట్టిది, దానికి తోడు ఒకటో రెండో చిన్నవి చాలు. అయిదు ఇంద్రియాలనీ ప్రతి పేరాలో మేపితే పాఠకుడికి ఏది ముఖ్యమో తెలియదు. పై నమూనాలో గుర్రపు వాసన ఒక్కటే పైకి తేలుతుంది, చూపు దాని చుట్టూ పని చేస్తుంది. చూపు ఎలాగూ ప్రతి కథలో ఉంటుంది. కాబట్టి రెండోసారి చదివేటప్పుడు చూపు కాని వివరాల కింద పెన్సిల్ గీత గీయండి. స్పర్శ, వేడి, చలి, వాసన, రుచి, చప్పుడు. పది పేజీల్లో గీతలు రెండే పడితే రచయిత పాత్రల ఒళ్ళు మర్చిపోయాడని అర్థం. ప్రతి వాక్యం కిందా గీత పడితే ఎంపిక లేదని అర్థం.

'మీరు' నుంచి 'నువ్వు' దాకా

ఎయోవిన్ కథలో అన్నిటికంటే లోతైన మౌనం వాసనలోనూ లేదు, స్పర్శలోనూ లేదు, సర్వనామంలో ఉంది. ఆరాగోర్న్ ప్రాణాలకి తెగించి ఒక చీకటి దారిన వెళ్ళబోతుంటే ఆమె తననీ తీసుకెళ్ళమంటుంది. అతను కాదంటాడు, ఆమెకి అనుమతి లేదంటాడు. ఆమె జవాబు: నీతో వచ్చే వాళ్ళకీ అనుమతి లేదు, నిన్ను విడిచి ఉండలేక వస్తున్నారు, నువ్వంటే ప్రేమ కాబట్టి వస్తున్నారు. అని, చీకట్లోకి వెళ్ళిపోతుంది. అప్పటిదాకా మామూలు 'యూ'తో మాట్లాడిన మనిషి ఈ ఆఖరి మాటల్లో మాత్రం 'దీ' అనే పాత, దగ్గరి రూపం వాడుతుంది. ప్రేమ అన్న మాట ఇక్కడ వచ్చింది, కానీ ఇతరుల ప్రేమ గురించి. తన సంగతి ఆ ఒక్క సర్వనామం చెప్పింది.

నేటి ఇంగ్లీషు పాఠకుల్లో చాలామంది ఈ మార్పు గమనించకుండానే దాటిపోతారు. వాళ్ళ మాటల్లో ఆ తేడా ఎప్పుడో పోయింది. తెలుగు చెవికి ఇది వెంటనే తగులుతుంది. మీరు అంటూ వచ్చిన మనిషి ఒక్కసారి నువ్వు అంటే గదిలో గాలి మారుతుంది. తెలుగులో ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్ళకి ఇది సొంత ఆస్తి, దీన్ని మొదటి అధ్యాయంలోనే ఖర్చుపెట్టేయడం చూస్తే బాధ కలుగుతుంది. ఫారమీర్ ఆమెని మీరు అనాలి, ఆమె కూడా అతన్ని మీరు అనాలి, ఇద్దరూ ఏలినవాళ్ళ ఇంటి బిడ్డలు. ఎప్పుడు నువ్వు వస్తుంది, ఎవరి నోట ముందు వస్తుంది, అది పొరపాటున జారిందా, కావాలని అన్నారా, అన్నాక మళ్ళీ మీరుకి వెనక్కి వెళ్ళారా? ఈ నాలుగూ ముందే తేల్చుకుంటే సగం కథ నిలబడినట్టే. క్రియ చివర గౌరవ ప్రత్యయం మింగేసి "వస్తారా?" బదులు "రావడం కుదురుతుందా?" అనడం కూడా ఒక మెట్టు. మీరుకీ నువ్వుకీ మధ్య మాట ఎటూ తేల్చుకోలేక ఆగిన చోటు అది.

ఎందుకు చెప్పదు?

చెప్పని వలపు కథలు ఎక్కువగా కూలేది ఇక్కడే. ఇద్దరికీ ప్రేమ ఉంది, ఇద్దరూ ఒక గదిలో ఉన్నారు, చెప్పరు. ఎందుకు? "సిగ్గు" అన్న జవాబు రెండు అధ్యాయాలు మోస్తుంది. "అపార్థం" అన్నది ఇంకో రెండు. ముప్పై వేల మాటల దగ్గర కూడా ఒక్క సూటి ప్రశ్నతో తేలిపోయే అపార్థమే అడ్డుగా ఉంటే పాఠకుడికి విసుగు పుడుతుంది, ఆ విసుగు న్యాయమైనది. అడ్డు పాత్రల బయట నిజంగా ఉండాలి, లేదా లోపల నిజంగా ఉండాలి. ఆరాగోర్న్, చావు లేని ఎల్ఫ్ జాతి అమ్మాయి ఆర్వెన్‌ల మధ్య ఆమె తండ్రి ఎల్రోండ్ పెట్టిన షరతు ఉంది: గోండోర్, ఆర్నోర్ రెండు రాజ్యాలకీ అతను రాజైతేనే పెళ్ళి. ఆ లోకపు లెక్కలో 2951లో కలిసినవాళ్ళకి పెళ్ళి 3019లో జరిగింది, అరవై ఎనిమిదేళ్ళు. పైగా ఆమె అతన్ని చేసుకుంటే చావుని కూడా ఎంచుకున్నట్టే. ఎయోవిన్‌కి అడ్డు లోపల ఉంది. జాలి ఆమెకి అక్కర్లేదు. ఫారమీర్ దయ ప్రేమా జాలా అన్నది తేలేదాకా నోరు తెరవదు. దీన్ని సిగ్గు అనడం ఆమెని అవమానించడమే.

ప్రతి అధ్యాయం చివరా ఒక వాక్యం రాసుకుని చూడొచ్చు: ఈరోజు ఆమె ఎందుకు చెప్పలేదు? జవాబు ప్రతిసారీ ఒకటే అయితే కథ నిలిచిపోయింది. చూడటం, అలవాట్లు తెలియడం, వస్తువు చేతులు మారడం, పొరపాటున తగలడం, కట్టు మార్చడం లాంటి నెపంతో తాకడం, ఏ నెపమూ లేకుండా తాకడం. దగ్గరితనానికి ఈ వరస సుమారుగా ఉంటుంది. మెట్టు ఎక్కాక కిందికి దిగొచ్చు, దిగితే కారణం ఉండాలి. అదే మెట్టు మీద పదేపదే గెంతడం మాత్రం కుదరదు. పొరపాటున వేళ్ళు తగలడం ఇరవై వేల మాటల కథలో ఒకటి, మహా అయితే రెండుసార్లు. ప్రతి అధ్యాయంలోనూ తగిలితే వాళ్ళు తడబడే మనుషుల్లా కనిపిస్తారు.

దృష్టికోణం సంగతి కూడా దీనికే ముడిపడి ఉంది. ఒక ఘట్టంలో ఒకరి లోపలే ఉండాలి. ఈ పేరాలో ఆమె మనసు, తర్వాతి పేరాలో అతని మనసు చూపించేస్తే పాఠకుడికి ఇద్దరి గుట్టూ తెలిసిపోతుంది, ఊహించడానికి మిగలదు. పై నమూనాలో నాచు మరక పని చేసింది మనం ఎయోవిన్ కళ్ళ వెనుక ఉన్నాం కాబట్టి. ఫారమీర్ లోపలికి వెళ్ళి ఉంటే, బల్ల జరపడం పెద్ద మంచితనంలా డప్పు కొట్టినట్టు ఉండేది.

వెతకడం, చదవడం

ఇలాంటి కథలకి ఇంగ్లీషులో పెద్ద నిల్వ ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే వెబ్‌సైట్. లాభాపేక్ష లేని సంస్థ నడుపుతుంది. 2009 నవంబరులో అందరికీ తెరిచారు, 2019లో దానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీలకి ఇచ్చే హ్యూగో పురస్కారం వచ్చింది. అక్కడ జంట పేర్ల మధ్య ఏటవాలు గీత ఉంటే ప్రేమకథ, '&' గుర్తు ఉంటే స్నేహమో బంధుత్వమో. ఈ తేడా తెలియక తప్పు కథలో దిగేవాళ్ళు చాలామంది. ట్యాగుల్లో 'పైనింగ్' అంటే బయటపెట్టని తపన, 'మ్యూచువల్ పైనింగ్' అంటే అది రెండువైపులా ఉందని, 'స్లో బర్న్' అంటే మెల్లగా రాజుకునేదని. కొత్తవాళ్ళు పూర్తయిన కథలకే పరిమితమై, అయిదు వేల నుంచి పదిహేను వేల మాటల నిడివి పెట్టుకుని, సాధారణ లేదా టీన్ రేటింగ్ ఎంచుకుంటే ఈ కళ స్పష్టంగా కనిపిస్తుంది. శారీరక ఘట్టాలకి చోటు లేని కథలో రచయిత మిగతా సాధనాలన్నీ బయటికి తీయక తప్పదు. మెచ్చుకోళ్ళ సంఖ్య ఒక్కటే నమ్ముకోవద్దు. పెద్ద అభిమానగణం ఉన్న జంటకి మామూలు కథకైనా అవి కుప్పలుగా వస్తాయి. బుక్‌మార్క్‌ల లెక్క కొంత నయం, మళ్ళీ చదవాలనుకున్నవాళ్ళే ఎక్కువగా దాచుకుంటారు కాబట్టి.

మొదటిసారి ఆగకుండా చదవండి. రెండోసారి ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చిన వస్తువు ఏదో చూడండి. అంగీ, కప్పు, బల్ల, ఉత్తరం, ఏదైనా. మొదటిసారికీ చివరిసారికీ దానిలో ఏం మారింది? చేతులు మారాయా, చిరిగిందా, ఎవరైనా మరమ్మతు చేశారా, వాసన మారిందా? మంచి కథలో ఆ మార్పుల జాబితా రాస్తే ప్రేమకథ మొత్తం అందులో ఉంటుంది. సంభాషణల్ని మూసేసి ఇంకోసారి చదవండి. అప్పటికీ కథ అర్థమైతే రచయిత పని తెలిసినవాడు. రాసేవాళ్ళు తమ చిత్తుప్రతికి కూడా ఇదే చేయొచ్చు. దానితో పాటు ప్రేమ, తపన, బాధ, ఆశ, భయం అన్న మాటలన్నీ వెతికి, ఒక్కో చోట ఆ మాట తీసేసి ఏం మిగిలిందో చూడాలి. ఏమీ మిగలకపోతే అక్కడ ఇంకా ఘట్టం రాయలేదన్నమాట.

ఎక్కడ ఆపాలన్నది చివరి చిక్కు. మూలంలో ఫారమీర్ చివరికి నోరు విప్పుతాడు. ఎయోవిన్ మనసు మారడం, లేదా అది మారిందని ఆమెకి తెలియడం, టోల్కీన్ సూటిగానే చెబుతాడు. ఎన్నో ఫ్యాన్ ఫిక్షన్ కథలు దానికి ఒక్క అడుగు ఇవతలే ఆగుతాయి, అదే సరైన పని. కథ పూర్తయిందనుకున్నాక చివరి పేరా తీసేసి చదివి చూడండి. అందులో ఎవరో ఒకరు ఒప్పుకునే మాట ఉంటే, దానికి ముందున్న పేరా దగ్గరే కథ అయిపోయి ఉండొచ్చు. ఆ బల్ల కథనే తీసుకుంటే, మర్నాడు ఎయోవిన్ ముందుగా వస్తుంది. ఒక చేత్తో తను చేయగలిగినంత, బల్ల మీద నాచు గీరి ఉంచుతుంది, సగమే అవుతుంది. ఫారమీర్ వచ్చి, గీరిన సగం వైపు చూసి, ఇటు కూర్చోకుండా నాచున్న వైపే కూర్చుంటాడు.